రోప్ డార్ట్‌తో మనిషిని చెట్టుకొమ్మకి లాగెయ్యొచ్చా? గేమ్‌లో చూపించేదీ, చేతిలో జరిగేదీ

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అసాసిన్స్ క్రీడ్ 3 అనే వీడియో గేమ్‌లో కథానాయకుడు కానర్ చెట్టుకొమ్మ మీద కూర్చుని, కింద నడుస్తున్న సైనికుడి మీదికి తాడు కట్టిన మొన, అంటే రోప్ డార్ట్, విసురుతాడు. అది మెడ దగ్గర పట్టుకుంటుంది. కానర్ అవతలివైపు దూకుతాడు, సైనికుడు కొమ్మకి వేలాడతాడు. 2015లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్ చైనా గేమ్‌లో నాయిక షావ్ జున్ అదే తాడుతో పైఅంతస్తులు అందుకుంటుంది, ఊగుతూ దాటుతుంది. ఇలాంటి ఆయుధం నిజంగా ఉందా, దాంతో ఇవన్నీ అవుతాయా, మనం నేర్చుకోవచ్చా అని అడిగారు.

ఆయుధం నిజంగా ఉంది. చైనాలో దాని పేరు షెంగ్ బియావ్. వూషూ, అంటే చైనా యుద్ధవిద్యలు, నేర్పేచోట తొమ్మిది కణుపుల గొలుసు కొరడా, మూడు ముక్కల కర్ర, తాడు చివర గుండు కట్టిన లియూషింగ్ చుయ్ వీటన్నిటితో కలిపి దీన్ని మెత్తని ఆయుధాల్లో లెక్కేస్తారు. నేను నేర్చుకున్నదీ, నేర్పుతున్నదీ ఈ వరస ఆయుధాలే. నేర్చుకోవడం గురించి చివర్లో వివరంగా రాస్తాను. కానర్ చేసే పని మాత్రం ఈ ఆయుధంతో అవదు. ఎందుకు అవదో చూస్తే ఈ విద్యలో గొప్పదనం ఎక్కడుందో తెలుస్తుంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

వస్తువు చూడ్డానికి చాలా చిన్నది. జానెడు లోపు పొడవున్న ఇనప మొన, దాని వెనక రింగు, రింగుకి తాడు. మొన బరువు మామూలుగా 100 నుంచి 200 గ్రాములు, తాడు 3 నుంచి 5 మీటర్లు. పాత తరహా వాటిలో తాడు మీద జారే చిన్న వెదురు గొట్టం ఒకటి ఉంటుంది. తాడు దాంట్లోంచి పరిగెత్తుతుంది కాబట్టి అరచెయ్యి ఒరుసుకుపోదు. రెండో కొసన మణికట్టుకి తగిలించుకునే ఉచ్చు. మొన వెనకాలే ఎర్రగుడ్డ పీలిక కడతారు. చాలామంది అది అలంకారమనుకుంటారు గానీ దానికి పనుంది. గాలి ఆ గుడ్డని వెనక్కి లాగుతుంది కాబట్టి మొన ముందుకే చూస్తూ వెళుతుంది, బాణానికి ఈకలు చేసే పనే ఇక్కడ గుడ్డ చేస్తుంది. తిప్పేవాడికి మొన ఎక్కడుందో కంటి చివర్నుంచి కనబడుతుంది. ఎదుటివాడి చూపు ఎర్రరంగు మీదికి పోతుంది, ఇనుము మీదికి పోదు.

గేమ్‌లో చూసేది విసరడం. విసరడం ఎవరికైనా తొందరగానే పట్టుబడుతుంది. విసిరింది వెనక్కి వస్తుంది చూడండి, దాన్ని తన ఒంటికి తగలకుండా అందుకుని, ఆపకుండా మళ్లీ తిప్పులోకి కలిపేసుకోవడం, అదీ ఈ విద్య. దానికి ఏళ్లు పడుతుంది.

వడిసెల తిప్పినవాళ్లకి, లేదా తాతల దగ్గర దాని సంగతులు విన్నవాళ్లకి సగం విషయం ముందే తెలుసు. జొన్నచేల మంచెల మీద నిలబడి పిట్టల్ని తోలిన వడిసెల, తెలంగాణ సాయుధ పోరాటంలో ఊళ్లవాళ్లు రజాకార్ల మీదికి రాళ్లు రువ్విన వడిసెల పనిచేసేదీ ఇదే సూత్రం మీద. బరువుని గుండ్రంగా తిప్పి వేగం కూడబెట్టి, సరైన చోట వదిలితే అది వృత్తం అంచునుంచి తిన్నగా దూసుకుపోతుంది. తేడా వదిలిన తర్వాత మొదలవుతుంది. వడిసెల్లో రాయి వెళ్లిపోతుంది, పని అయిపోతుంది. రోప్ డార్ట్‌లో రాయి వెళ్లదు, నాలుగు మీటర్ల తాడు చివర ఆగి, తిప్పినవాడి మీదికే బయల్దేరుతుంది.

లెక్క వేసి చూపిస్తాను. 150 గ్రాముల మొనని మీటరు తాడుతో సెకనుకి మూడు చుట్లు తిప్పుతున్నామనుకోండి. మొన వేగం సెకనుకి 19 మీటర్ల దగ్గర, అంటే గంటకి సుమారు 68 కిలోమీటర్లు. ఆ సమయంలో చేతిని లాగే బలం 53 న్యూటన్లు, ఐదున్నర కిలోల బరువు వేలు చివర వేలాడినట్టు. మొనలో ఉన్న శక్తి 27 జౌళ్ల లోపే. పెద్ద అంకె కాదు. కానీ అది మొత్తం ఒక చిన్న కొస మీద దిగుతుంది కాబట్టి కంటికో, గొంతుకో, కణతకో తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. మందపాటి ఉన్ని కోటు తొడుక్కున్న సైనికుడి ఛాతీకి తగిలితే దెబ్బ కమిలి ఊరుకోవచ్చు. కానర్ ఎదురుగా ఉన్నవాళ్లందరూ అలాంటి కోట్లవాళ్లే.

ఇక లాగడం సంగతి. మొన నున్నగా, కోసుగా ఉంటుంది. దానికి కొక్కెం ఉండదు, ముల్లు ఉండదు, ఉండకూడదు కూడా. మొన దిగినచోటే ఇరుక్కుపోతే తాడు చిక్కడిపోయినట్టే, రెండో దెబ్బ లేదు, చేతిలో ఆయుధం లేదు. దిగినది జారి వెనక్కి రావడానికే దాన్ని అలా తయారు చేస్తారు. మనిషిని పట్టుకుని లాగాలంటే సరిగ్గా దీనికి వ్యతిరేకమైన వస్తువు కావాలి. తాడు ఎదుటివాడి మణికట్టుకో, కాలికో, కత్తికో చుట్టుకోవడం మాత్రం జరుగుతుంది. చుట్టడం మీద కట్టిన ఎత్తులు చాలా ఉన్నాయి. అప్పుడు ఒక్క గుంజు గుంజితే ఎదుటివాడి కాలు తప్పుతుంది, కత్తి పక్కకి పోతుంది. బిగువు వదిలేసరికి ఆ చుట్టు దానంతటదే విడిపోతుంది. మెడకి చుట్టుకున్నా అంతే. ఉరి బిగియాలంటే ముడి ఉండాలి, రోప్ డార్ట్‌కి ముడి వేసుకునే తీరిక ఉండదు.

సరే, ఎలాగో మెడకి పట్టుకుందనే అనుకుందాం. కానర్ తన ఒంటి బరువుతో అవతలికి దూకుతాడు కదా, అది కుదురుతుందా? ఇక్కడ గేమ్ చేసినవాళ్లు తాడు కొమ్మ మీద ఒరుసుకుంటుందన్న సంగతి పక్కన పెట్టేశారు. కొమ్మ కప్పీ కాదు, తిరగదు. దాని మీద తాడు సగం చుట్టు చుట్టుకుని బెరడుకి రాసుకుంటూ జారాలి. ఆ రాపిడి గుణకం 0.4 అనుకున్నా, ఇవతల 75 కిలోల మనిషిని లేపడానికి అవతల దానికి మూడున్నర రెట్లు, అంటే 260 కిలోల బరువు వేలాడాలి. ముతక బెరడు మీద ముతక తాడైతే ఇంకా ఎక్కువే. కానర్ లాంటి బలిష్ఠుడు వందకిలోలున్నా సరిపోడు. దూకిన ఊపుతో ఒక్క కుదుపు వస్తుంది, ఆ కుదుపు తాడుకీ, తాడు పట్టుకున్న చేతికీ కూడా వస్తుంది. గనక దృశ్యం ఎంత బాగున్నా, కొమ్మ మీద గిలక బిగిస్తే తప్ప ఆ సైనికుడి కాళ్లు నేల వదలవు.

అసలు చెట్టు మీద ఈ ఆయుధం తియ్యడమే కుదరని పని. మొన తిరగాలంటే చుట్టూ ఖాళీ కావాలి, తాడు ఎంత పొడవుంటే అంత. ఒక్క రెమ్మ తగిలితే చాలు, మొన దారి మార్చుకుని ఎటు వస్తుందో చెప్పలేం. ఎక్కువసార్లు తిప్పేవాడి మీదికే వస్తుంది. అడవి, ఇరుకు సందు, దూలాలున్న గది, గుంపు ఇవన్నీ దీనికి శత్రువులు. ఎదుటివాడు ధైర్యం చేసి ఒక్క అడుగు తాడు లోపలికి వచ్చేస్తే, అంటే మొన తిరిగే వృత్తం దాటి దగ్గరికి వచ్చేస్తే, ఆ తాడుతో చేయగలిగింది చాలా తక్కువ. తాడు చేత్తో పట్టుకున్నా అంతే. అందుకే చైనాలో దీన్ని దాచుకునే ఆయుధంగా చూశారు. నడుముకి చుట్టుకోవచ్చు, చేతి మడతలో పెట్టుకోవచ్చు, ఎవరికీ కనబడదు. ఎదుటివాడు ఊహించని దూరం నుంచి మొదటి దెబ్బ తగలాలి. తగలకపోతే వెళ్లిపోవడానికి దారి చూసుకోవాలి. యుద్ధభూమిలో వరసకట్టి నిలబడే సైన్యానికి ఇది పనికొచ్చే వస్తువు కాదు. ఆ మాటకొస్తే గేమ్‌లో హంతకుడి చేతికి దీన్ని ఇవ్వడం మంచి ఆలోచనే. అందులో తప్పు ఆయుధం ఎంపికలో లేదు, దానికి పెట్టిన పనిలో ఉంది.

తాడుతో మనిషిని పైకి లాగడం చైనాలో ఎప్పుడూ లేదని మాత్రం అనుకోకండి. సోంగ్ రాజవంశ కాలంలో, 1044లో పూర్తయిన వూజింగ్ జోంగ్యావ్ అనే సైనిక గ్రంథంలో ఎగిరే కొక్కెం ఉంది. పదునైన కొక్కేలున్న ఇనప ముక్క, దానికి గొలుసు, గొలుసుకి తాడు. కోటగోడ కింద గుమిగూడిన శత్రువుల మీదికి దాన్ని పైనుంచి జారవిడిచి లాగేవాళ్లు. గేమ్‌లో కానర్ చేసే పనికి చరిత్రలో దగ్గర చుట్టం ఇదే. ఒకటి గమనించండి, దానికి కొక్కెం ఉంది, గొలుసు ఉంది, గోడ మీద నిలబడి లాగే మనుషులున్నారు. 150 గ్రాముల నున్నటి మొనకి ఆ పని అప్పగించలేదు. గేమ్ ఈ రెండింటినీ కలిపి ఒకే వస్తువు చేసింది. షావ్ జున్ పైఅంతస్తులు ఎక్కేది కూడా ఇలాంటి కొక్కెం తాడుతో అయితే నమ్మొచ్చు. మొన గోడ అంచుని పట్టుకోదు.

పద్దెనిమిదో శతాబ్దపు అమెరికాలో మోహాక్ అనే ఆదివాసీ తెగ తల్లికి పుట్టిన కుర్రాడు కానర్ చేతిలోకి చైనా ఆయుధం ఎలా వచ్చిందని మీకు అనుమానం రాలేదు గానీ, నాకు ఎప్పుడూ ఆసక్తిగా ఉండేది. కథలో ఏం చెప్పినా, చరిత్రలో అమెరికా జెండాతో చైనాకి వెళ్లిన మొదటి ఓడ ఎంప్రెస్ ఆఫ్ చైనా. అది న్యూయార్క్ నుంచి 1784 ఫిబ్రవరి 22న బయల్దేరి ఆ ఏడు ఆగస్టు చివర్లో కాంటన్ రేవుకి చేరింది. కానర్ కథ నడిచే అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అప్పటికే ముగిసిపోయింది. అంతకుముందు చైనా సరుకు ఎక్కువగా లండన్ మీదుగా వచ్చేది. 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో సముద్రంలో పారబోసిన 342 పెట్టెల టీ ఆకు మొత్తం చైనాదే, ఈస్ట్ ఇండియా కంపెనీ తెచ్చింది. కానర్ ఆ పెట్టెలు నీళ్లలోకి తోసే సన్నివేశం అదే గేమ్‌లో ఉంది. ఆ ఆకు వచ్చిన ఓడల దారినే ఏ నావికుడి సంచిలోనో ఒక మొనా తాడూ వచ్చాయంటే కథకి సరిపోతుంది. పైగా దాచుకునే ఆయుధం కదా.

షావ్ జున్ గేమ్ సంగతి వేరు, అది ఆయుధం పుట్టిన దేశంలోనే జరుగుతుంది. కథ 1526లో, మింగ్ చక్రవర్తి జియాజింగ్ కాలంలో. ఆమె కల్పిత పాత్ర, అంతకుముందు చక్రవర్తి జెంగ్‌డె అంతఃపురంలో ఉన్న ఉంపుడుకత్తె. జెంగ్‌డె 1521లో చనిపోయాడు. ఆయన్ని చుట్టుముట్టి అధికారం చెలాయించిన ఎనిమిదిమంది నపుంసక అధికారుల్ని ఎనిమిది పులులు అనేవాళ్లు, అది నిజం. వాళ్ల నాయకుడు లియూ జిన్‌కి 1510లోనే మరణశిక్ష పడింది, అతన్ని పడగొట్టడంలో ముఖ్యపాత్ర వాళ్లలోనే ఒకడైన జాంగ్ యోంగ్‌ది. గేమ్‌లో ఆ జాంగ్ యోంగే పెద్ద ప్రతినాయకుడు. పక్కనుంచి చూసే గేమ్ కావడం వల్ల ఇందులో ఒక మేలు జరిగింది. షావ్ జున్ తాడు విసిరినప్పుడు దాని పూర్తి పొడవు, అది సాగే గీత కంటికి కనబడతాయి. కానర్ గేమ్‌లో అది చేతిలోంచి దూకి మాయమై మెడ దగ్గర తేలుతుంది.

రెండు గేముల్లోనూ లేనిది ఒంటిని వాడుకోవడం. నేనైతే ఇదొక్కటి చూపించి ఉంటే మిగతా అబద్ధాలన్నీ మన్నించేవాణ్ణి. ఈ విద్యలో రెండు చేతులు సరిపోవు. తిరుగుతున్న తాడుకి మోచెయ్యి అడ్డం పెడితే తాడు దాని చుట్టూ చుట్టుకుంటుంది, తాడు పొట్టిదయ్యేకొద్దీ మొన ఇంకా జోరుగా తిరుగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో మోచెయ్యి చాపితే చుట్టు విడి, మొన తిన్నగా ముందుకి పోతుంది. మోకాలితో అలాగే, పాదంతో అలాగే. పాదం మీద తాడు వాలినప్పుడు తన్నితే మొన ఎదుటివాడి ముఖం ఎత్తుకి లేస్తుంది, చేతులు కదిలిన జాడ కూడా ఉండదు. మెడ చుట్టూ, నడుం చుట్టూ చుట్టి విడిపించేవి ఉన్నాయి. ఎదుటివాడికి చుట్టుకుంటున్న తాడే కనబడుతుంది, చిక్కుపడిపోయాడు వీడు అనుకుంటాడు, చిక్కు అనుకున్నదే దెబ్బై వస్తుంది. ఎత్తుల పేర్లు కూడా కథల్లోంచి తెచ్చుకున్నవే. ఒకదాని పేరు తైగోంగ్ చేపలు పట్టడం. వంపు లేని గాలంతో ఏటి ఒడ్డున కూర్చుని తనని వెతుక్కుంటూ రాబోయే రాజు కోసం ఎదురుచూసిన ముసలి మంత్రి ఆయన. మొన దూరంగా పడేసి ఒక్క తాపున వెనక్కి తీసుకునే ఎత్తు అది, పేరు తెలిశాక చెయ్యి దానంతటదే ఓపిక పడుతుంది.

గుండు కట్టిన తాడుకి మరో జీవితం కూడా ఉంది. చైనా సంతల్లో ఆటగాళ్లు మొదట దాన్నే తీసి గిరగిరా తిప్పేవాళ్లు. జనం భయపడి వెనక్కి జరిగి గుండ్రంగా చోటు ఏర్పడేది, ఆ తర్వాత అసలు ఆట మొదలయ్యేది. సర్కస్ విద్యలకి పేరుపడ్డ హెబెయ్ రాష్ట్రంలోని వూచావ్ లాంటి చోట్ల తాడు రెండు కొసలకీ నీళ్ల గిన్నెలు కట్టి చుక్క ఒలక్కుండా తిప్పే ఆట ఇప్పటికీ చేస్తారు. ఇప్పుడు పాశ్చాత్య దేశాల్లో మొన బదులు మంటపెట్టిన వత్తి కట్టి తిప్పేవాళ్లూ ఉన్నారు. ఆయుధంగా దీని అవసరం పోయాక కూడా విద్య నిలబడింది ఇలాంటివాళ్ల చేతుల్లోనే.

ఇక నేర్చుకోవడం. ఇంట్లో వద్దు. ఫ్యాన్, లైటు, టీవీ అన్నీ తాడు పొడవులోనే ఉంటాయి, పిల్లలు ఎప్పుడు గదిలోకి వస్తారో తెలియదు. ఖాళీ మైదానం కావాలి, పైన కరెంటు తీగలు లేనిచోటు, మీ వెనకాల కూడా ఎవరూ నిలబడనిచోటు. చూడ్డానికి వచ్చేవాళ్లు ఎప్పుడూ వెనకే నిలబడతారు, వెనక క్షేమం అనుకుంటారు. మొన ఎదరికి ఎంత దూరం పోతుందో వెనక్కీ అంతే పోతుంది, వాళ్లని దూరంగా పంపాకే మొదలుపెట్టండి.

ఇనప మొన కొనకండి. సాక్సులో టెన్నిస్ బంతి వేసి మూతి ముడేస్తే కొన్ని నెలలకి అదే ఆయుధం. తాడు నూలుది తీసుకోండి, 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం. హార్డ్‌వేర్ షాపులో నైలాన్ తాడు చవగ్గా దొరుకుతుంది, అది చేతిలో జారుతుంది, లాగితే సాగుతుంది, అరచెయ్యి కాలుస్తుంది. నూలు తాడు ఒంటికి చుట్టుకుంటే పట్టు ఉంటుంది. మొదట మూడు మీటర్లు చాలు, ఎత్తున్నవాళ్లకి మూడున్నర. కళ్లద్దాల దుకాణంలో దొరికే ప్లాస్టిక్ రక్షణ కళ్లజోడు పెట్టుకోండి. నేను నేర్పేచోట అది లేకుండా మొదలుపెట్టనివ్వను. మగవాళ్లు క్రికెట్ ఆడేటప్పుడు వాడే గార్డు కూడా పెట్టుకోవాలి, వెనక్కి వచ్చే బంతి ఎక్కువగా ఆ ఎత్తులోనే వస్తుంది.

ముందు విసరకండి. కుడిపక్క నిలువుగా తిప్పండి, బంతి నేలని తాకకుండా, ఒకే గీతలో, పక్కకి ఒరక్కుండా. ఎడమపక్క అదే. తర్వాత రెండు పక్కలా మార్చి మార్చి, అడ్డంగా పడుకోబెట్టిన ఎనిమిది అంకె ఆకారంలో. తిప్పుతూ నడవండి, తిరగండి, కూర్చుని లేవండి. తాడు గురించి ఆలోచించకుండా ఎవరితోనైనా మాట్లాడుతూ తిప్పగలిగినప్పుడు విసరడం మొదలుపెట్టాలి. బంతి కిందినుంచి ఎదరికి లేస్తున్న క్షణంలో వదలాలి. తాడు పూర్తిగా బిగిసేదాకా ఆగకుండా, ఇంకా కాస్త వదులుండగానే వెనక్కి లాగండి. పూర్తిగా బిగిస్తే అది ఎగదన్ని ముఖం మీదికే వస్తుంది. వచ్చేటప్పుడు చేత్తో పట్టుకోబోకండి, చెయ్యి పక్కకి తీసి దాన్ని మళ్లీ చుట్టులోకి దారి మళ్లించండి. ఈ ఒక్కటీ కుదిరాక మోచెయ్యి, అది కుదిరాక మోకాలు, పాదం. మెడ అన్నిటికంటే చివర, అదీ ఎదుట నేర్పేవాళ్లు ఉన్నప్పుడే. వీడియోలు చూసి మెడ చుట్టు ప్రయత్నించేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల వూషూ నేర్పేవాళ్లు దొరుకుతారు. ఎక్కువమంది పోటీలకి పనికొచ్చే చేతి విద్యలు, కత్తి, కర్ర మీదే ఉంటారు. చేరేముందే రోప్ డార్ట్ నేర్పుతారా అని అడగండి. నేర్పకపోయినా ఫరవాలేదు, గొలుసు కొరడా నేర్పితే చేరండి, వృత్తం మీద పట్టు దాంతో వస్తుంది. కర్రసాము వచ్చినవాళ్లకి మణికట్టు ముందే తయారై ఉంటుంది, వాళ్లు తిప్పడంలో తొందరగా కుదురుకుంటారు. ఒకటే చిక్కు, కర్ర మాట వింటుంది కాబట్టి వాళ్లు తాడుని కూడా బలంతో నడిపించాలని చూస్తారు. భుజం వదులు చేసుకోమని వాళ్లకి పదేపదే చెప్పాల్సి వస్తుంది.

టెన్నిస్ బంతి నుంచి రబ్బరు మొనకి, రబ్బరు నుంచి మొద్దు ఇనుముకి మారేటప్పుడు ప్రతిసారీ మొదటి రోజుల పాఠాల నుంచే మళ్లీ మొదలుపెట్టండి, బరువు మారితే వెనక్కి వచ్చే సమయం మారిపోతుంది. కోసు మొన అసలు అవసరం లేదు, వూషూలో తిప్పేవాళ్లు చాలామంది మొద్దు మొనతోనే జీవితమంతా గడుపుతారు. తిప్పడానికి ముందు ప్రతిసారీ రింగు దగ్గర ముడి చూసుకోండి. తాడు ముందుగా అరిగేది అక్కడే. పోగులు లేచినట్టు కనబడితే ఆ జానెడు కోసేసి మళ్లీ కట్టుకోండి.